మైకు మీద ఫిర్యాదు చేయబోయి

ఆ రోజుల్లో ఒంటరితనమంటే ఏమిటో నాకు తెలియదు. తెలిసి ఉంటే అదేదో జబ్బనుకుని మందుల షాపుకెళ్లి మాత్ర అడిగేవాణ్ణేమో. కొత్తచెరువు దగ్గరి పల్లెలో, ఇంటినిండా మనుషుల మధ్య పెరిగినవాణ్ణి. డిగ్రీ కాగానే అనంతపురంలో డ్రిప్పు పైపులు అమ్మే దుకాణంలో పనికి చేరి, పాతూరు సందులో మేడమీద గది తీసుకున్నాను. వారమంతా రైతులతో ఒకటే మాట. "బోర్లో నీళ్లే లేవు, పైపులేంటికప్పా?" అని వాళ్లు, "ఈసారి వాన పడతాది లేన్నా" అని నేను. శనివారం సాయంత్రం దుకాణం మూశాక మళ్లీ సోమవారం దాకా నోరు తెరిచే అవసరమే ఉండేది కాదు. (అప్పుడప్పుడు గొంతు ఉందో లేదో చూసుకోవడానికి దగ్గేవాణ్ణి.) అమ్మ ఫోన్ చేస్తే మాత్రం, "బాగుండానమ్మా, ఈడ అందరూ బాగా చూసుకుంటాండారు" అనేవాణ్ణి. ఆ అందరూ ఎవరో నాకూ తెలియదు. నెలాఖరుకు పని మానేసి ఊరికి పోదామని లోపల తీర్మానించుకున్నాను కూడా.

నా కిటికీకి ఎదురుగా ఒక రేకుల షెడ్డు. ఒకప్పుడు వేరుశనగ గోదాము, అప్పటికి పెంతెకొస్తు ప్రార్థన మందిరం. చెత్త ఏరుకునేవాళ్లు, పెద్దాసుపత్రిలో రోగులకు తోడుగా వచ్చి చిక్కుబడిపోయినవాళ్లు, వానల్లేక పల్లె వదిలి ఇటుకలు మోసేవాళ్లు అక్కడికి వచ్చేవారు. ఆదివారం ప్రార్థన అయ్యాక వాళ్లందరికీ కడుపునిండా భోజనం పెట్టేవారు. ఇదంతా నాకు తర్వాత తెలిసిన సంగతి. అప్పట్లో తెలిసిందల్లా ఒక్కటే, వాళ్ల లౌడ్‌స్పీకర్ నోరు సరిగ్గా నా దిండు వైపు తిరిగి ఉందని.

ఒక ఆదివారం డోలక్ దెబ్బకు మంచం మీద లేచి కూర్చున్నాను. ఇక ఊరుకునేది లేదని నలిగిన చొక్కా తగిలించుకుని, "ఇది నలుగురు కాపురముండే చోటు" అని నా ప్రసంగం కూడబలుక్కుంటూ మెట్లు దిగాను. (నలుగురంటే మాటవరసకి. ఆ మేడమీద ఉండేది నేనూ, కొన్ని పావురాలూ.) షెడ్డు గుమ్మం దగ్గర ఒక ముసలావిడ నన్ను ఎగాదిగా చూసింది. బజారులో దుకాణాల ముందు ఊడ్చే మనిషి, అందరికీ పెద్దమ్మ. దువ్వని తలా, నలిగిన చొక్కా చూసి ఏమనుకుందో, చెయ్యి పట్టేసుకుంది.

"ఏమప్పా, ఆడనే నిలబడితివి? సిగ్గేంటికి? మేమంతా ఇట్ల వచ్చినోళ్లమే. రా, కూచ్చో."

"అది కాదు పెద్దమ్మా, ఆ మైకు..."

"మైకు నీకూ ఇస్తారులే. తొందరపడొద్దు."

నిజంగానే ఇచ్చారు. అది సాక్ష్యం చెప్పే వేళట. దేవుడు తమకు చేసిన మేలు ఒక్కొక్కరే లేచి చెప్పుకుంటున్నారు. వారమంతా ఆటో నడిపి ఆదివారం వాక్యం చెప్పే పాస్టరు గారు, "చెప్పు తమ్ముడా, భయపడొద్దు" అని మైకు నా చేతిలో పెట్టాడు.

"నేను ఎదురుగా మేడమీద ఉంటాను" అన్నాను.

"స్తోత్రం!" అన్నారు అందరూ.

"ఆదివారం వస్తే నాకు నిద్ర లేదు."

"అయ్యో ప్రభువా!"

"దానికి కారణం ఈ..." అనేసరికి స్పీకరు కీచుమని కూత పెట్టి, అసలు మాటను మింగేసింది.

"తమ్మునికి నిద్ర పడతాండదంట! అందరూ చేతులెత్తండి!" అన్నాడు పాస్టరు గారు. ఇక చూడండి. షెడ్డు రేకులు అదిరేలా, కొందరు తెలుగులో, కొందరు దేవుడికి తప్ప ఎవరికీ అర్థం కాని భాషల్లో, నా నిద్ర కోసం ప్రార్థన చేశారు. అదీ మైకులో. నవ్వు ఆపుకోలేక పెదవి కొరుక్కున్నాను. అంతలో ఆయన మైకు పక్కకు తీసి, నా భుజం మీద చెయ్యేసి, మెల్లగా అడిగాడు.

"ఈ ఊర్లో నీకెవురుండారు నాయనా?"

అమ్మకు చెప్పే జవాబే చెబుదామని నోరు తెరిచాను. కానీ "ఎవురూ లేరన్నా" అన్నాను. దానికి ఎవరూ స్తోత్రం అనలేదు. పెద్దమ్మ వీపు నిమిరింది. పైపులమ్మేవాణ్ణి, ఏ పైపూ లేకుండానే నా కళ్లలోంచి నీళ్లు కారాయి.

ప్రార్థన అయ్యాక చాప మీద అందరితోపాటు కూర్చోబెట్టారు. "నాకు తిండికి ఇబ్బంది లేదు పెద్దమ్మా" అన్నాను. "లేకపోతే మంచిదే. తిను" అని అన్నం, పప్పు వడ్డించింది. చెయ్యి కడుక్కున్నానో లేదో, "తింటివి కదా, ఇంగ ఆ చారు బకెట్ పట్టు. నాకు నడుము వంగదు" అంది. వడ్డించడం అదే మొదటిసారి. గరిటె ఒలికి నా చొక్కా మీదా, ఒక పెద్దాయన పంచె మీదా చారు పడింది. నేను కంగారుపడుతుంటే ఆయన తీరిగ్గా పైకి చూసి, "పోనీలేప్పా, ఈ యేడు ఇదన్నా పడింది" అన్నాడు. వరసంతా నవ్వింది. ఆ ఊరొచ్చాక పదిమందితో కలిసి నవ్వడం నాకదే మొదలు.

వెళ్లేటప్పుడు పాస్టరు గారు పిలిచి, "తమ్ముడా, మైకు గురించి ఏందో చెప్పబోతివే?" అన్నాడు.

"ఏం లేదన్నా. బాగా వినిపిస్తాండాది."

వెనక నుంచి పెద్దమ్మ కేకేసింది. "వచ్చేవారం పొద్దున్నే రావల్ల! ఎర్రగడ్డలు తరిగేవాళ్లు లేరు!"

నెలాఖరు వచ్చింది, పోయింది. నేను పోలేదు. దుకాణంవాళ్లు కదిరిలో కొత్త కొట్టు పెట్టి నన్ను అక్కడికి పంపేదాకా ప్రతి ఆదివారం ఉల్లిపాయలు తరిగాను. బాప్తిస్మం మాత్రం తీసుకోలేదు. వాళ్లూ బలవంతపెట్టలేదు ("ప్రభువు చూసుకుంటాడులే, నువ్వు సన్నగా తరుగు" అనేది పెద్దమ్మ). ఆవిడ ఇప్పుడు లేదు. నాకు పెళ్లాం, పిల్లలు, ఇంటినిండా సందడి. అయినా కొన్ని మధ్యాహ్నాలు అప్పటి ఆ మేడమీది కుర్రవాడు గుర్తొస్తాడు. "వచ్చేవారం రా" అని ఒక్కరు అన్నందుకు ఆ పూటే చారు మరకల చొక్కా ఉతికి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసి, మళ్లీ ఆదివారానికి ఇంకా వారం ఉందని తెలిసీ కొక్కేనికి తగిలించుకుని, దాని ఎదురుగా కూర్చున్నాడు, పిచ్చి నాయన.