పత్తి పోయిన ఏటి పెరడు

మొన్న రోహిణి కార్తె ఎండల్లో చెమటలు తుడుచుకుంటూ ఒంగోలు రైతుబజారుకి వెళ్తే, ఒకచోట తడి గోనెపట్టా కింద తెల్లగా, గుండ్రంగా కాలీఫ్లవర్ పువ్వులు కనపడ్డాయి. ఈ ఎండల్లో ఇవెక్కణ్ణించి వచ్చాయమ్మా అని అడిగితే, అమ్మే పిల్ల నా వంక వింతగా చూసి, ఏడాదంతా వస్తూనే ఉంటాయి కదా ఆంటీ అంది. నిజమే, వస్తూనే ఉంటాయి, నేనే గమనించలేదు. మన ఈడు వాళ్ళకి గుర్తుండే ఉంటుంది, ఒకప్పుడు ప్రతి కూరకీ ఒక కాలం ఉండేది, చలి ముదిరి తెల్లారి నోట్లోంచి పొగలొస్తే గాని కాలీఫ్లవర్, క్యాబేజీ మన ఊళ్ళ మొహం చూసేవి కావు. ఒక పువ్వు చేతిలోకి తీసుకుని అక్కడే నిలబడిపోయాను గాని, మనసు మాత్రం దర్శి పక్కన మా అత్తగారి ఊళ్ళో, ఇంటి వెనక పెరట్లోకి వెళ్ళిపోయింది.

తొంభైల చివర్లో సంగతి ఇది. నేను ఆ ఊరి బడిలోనే పంతులమ్మని. మావారికి పొదిలిలో ఉద్యోగం, శనివారం సాయంత్రం వచ్చి సోమవారం తొలి బస్సుకి వెళ్ళిపోయేవారు. ఇంట్లో అత్తయ్య, మామగారు, నేను. మామగారు ఆరడుగుల మనిషి, గొంతెత్తితే నాలుగిళ్ళ అవతలికి వినపడేది. పత్తి అంటే ఆయనకి పిచ్చి. ఊళ్ళో ఎవరి చేలో ఏ రకం విత్తనం పడిందో, ఎవరి చేను ఎప్పుడు పూతకొచ్చిందో అన్నీ ఆయన నోట్లోనే ఉండేవి. పెరడంటే మాత్రం ఆయన లెక్కలో పత్తికట్టె వామి వేసుకునే చోటు, అంతే. కూరగాయలు అంగట్లో దొరికేవి, లేదా సంతలో దొరికేవి, వాటిని పండించడం మగవాడు చెప్పుకునే సేద్యం కాదు.

ఆ ఏడు పత్తి పోయింది. ముందు వానలు ఎడతెరిపి లేకుండా కురిసి చేను ఊటెత్తింది, తర్వాత పచ్చపురుగు దిగింది. ఎన్ని మందులు మార్చి మార్చి కొట్టినా పురుగు చావలేదు, కాయకి ఒకటి చొప్పున దూరి లోపల అంతా తినేసింది. కార్తీకమాసం వచ్చేసరికి చేలో ఎండిన మోళ్ళే మిగిలాయి. మా ఊరనే కాదు, ఇటు అద్దంకి దాకా, అటు గుంటూరు దాకా అదే గోస. పొద్దున్నే పేపరు తెరవాలంటే భయం వేసేది. పురుగు చావని మందు మనుషుల్ని మాత్రం తీసుకెళ్ళిపోతోందని బడి దగ్గర తోటి పంతుళ్ళు గొంతు తగ్గించి చెప్పుకునేవాళ్ళు.

మామగారు మాట్లాడటం మానేశారు. పొద్దున లేచి పెరటి వసారాలో స్తంభానికి ఆనుకుని కూర్చుంటే అన్నం వేళకి పిలిస్తేనే లేచేవారు. చేను వైపు కన్నెత్తి చూసేవారు కాదు. కొట్టంలో ఒక మందు డబ్బా మిగిలిపోయింది, సీలు కూడా తీయనిది. అత్తయ్యకి ఆ డబ్బా కంట్లో నలుసయింది. పారేద్దామంటే ఎక్కడ పారేసినా గొడ్డో గోదో తాగుతుందని భయం, ఉంచుదామంటే ఇంకో భయం. ఆ రెండో భయాన్ని ఆవిడ నోటితో అనలేదు, నేనూ అనలేదు. పిల్లి తన పిల్లల్ని మార్చినట్టు ఆ డబ్బాని ఒక చోట నుంచి ఇంకో చోటికి మారుస్తూ ఉండేది. ఇవాళ వడ్ల బస్తాల వెనక ఉంటే రేపు అటక మీదికి ఎక్కేది.

ఆ ఇంట్లో ఆ మౌనం భరించలేకే నేను పెరట్లోకి వెళ్ళాను, అంతకంటే గొప్ప ఆలోచన ఏమీ లేదు. మా గోడకి అవతల దూదేకేవాళ్ళ కుటుంబం ఉండేది. ఆయన ఊరూరా తిరిగి పరుపులు, దిండ్లు కుట్టేవాడు, ఆవిణ్ణి నేను అక్కా అని పిలిచేదాన్ని. వాళ్ళ పెరట్లో చిక్కుడు పందిరి, వంగ, మిరప, కొత్తిమీర మడి ఎప్పుడూ కళకళలాడుతుండేవి. ఆవిడే కొంగున కట్టి తెచ్చి చిక్కుడు గింజలు ఇచ్చింది, కాస్త కాలీఫ్లవర్ నారు కూడా. మా బోరు నీళ్ళు ఉప్పు, పోస్తే ఆకుల అంచులు మాడిపోయేవి. వాళ్ళ చేదబావి నీళ్ళు తియ్యన. నువ్వు గోడకి ఒక చిల్లు పెట్టించుకో, నేను మా కాలవ అటు తిప్పుతాను అంది. బడి నుంచి వచ్చాక నేనూ అత్తయ్యా కలిసి కట్టె వామి పక్కకి లాగి, నల్లమన్ను తవ్వి, పేడ కలిపి మళ్ళు చేశాం. మేమలా చేస్తుంటే మామగారు అక్కడే వసారాలో కూర్చుని ఉండేవారు. ఒక్కసారి కూడా తల తిప్పలేదు.

నారు నిలదొక్కుకుని నాలుగాకులు వేసిందనుకునేలోగా, ఒకనాటి పొద్దున చూద్దును గదా, ఆకులన్నీ జల్లెడలయి ఉన్నాయి. లేత మొవ్వుల్లో పచ్చటి పురుగులు. నేను అక్కడే కూలబడి, అయ్యో అత్తయ్యా, పురుగు పట్టిందే అని గట్టిగా అన్నాను. ఎన్నో రోజుల తర్వాత వసారాలోంచి మామగారి గొంతు వినపడింది.

"ఇక్కడికీ వచ్చిందా?"

ఆ ఒక్కమాటే. ఆ గొంతులో కోపం లేదు, ఆశ్చర్యం లేదు. అది విని అత్తయ్య చేతిలో చెంబు అలాగే పట్టుకుని నిలబడిపోయింది. ఆ పగలు ఆయన అన్నం ముట్టలేదు.

మర్నాడు తెల్లారేసరికి మంచం ఖాళీ. చెంబు తీసుకుని వెళ్ళారేమో అనుకున్నాం. పొద్దు పొడిచినా రాలేదు. అత్తయ్య గబగబా లోపలికి పోయి అటక మీద చెయ్యి పెట్టి చూసి, కిందికి దిగకుండా నిచ్చెన మీదే కూర్చుండిపోయింది. నేను అడగక్కర్లేకుండానే అర్థమయింది, డబ్బా లేదని.

ఆ రోజు ఎలా గడిచిందో ఇప్పటికీ సరిగా చెప్పలేను. బడికి కబురు పంపి నేను చేనికి పరిగెత్తాను. మంచు ఇంకా విడవలేదు, పది గజాల అవతల ఏముందో కనపడదు, పత్తి మోళ్ళు చీరకి పట్టుకుంటున్నాయి, మామయ్యా మామయ్యా అని అరుస్తుంటే నా గొంతు నాకే కొత్తగా ఉంది. చేలో ఎవరూ లేరు. పక్కింటాయన దూదేకే పని ఆపుకుని సైకిలేసుకుని కాలవ కట్ట పొడుగునా వెతికొచ్చాడు. అక్క తన పొయ్యి మీద ఎసరు దించేసి వచ్చి అత్తయ్య పక్కన కూర్చుంది. అత్తయ్య ఏడవలేదు. మధ్యాహ్నం దాటాక మాత్రం ఒకసారి, పక్కవాళ్ళతో కాకుండా ఎవరితోనో అన్నట్టు, పత్తి పోతే పోనీయ్, నేనేం అడిగానని, అంది.

పొద్దు వాలుతుండగా దర్శి బస్సు ఆగిన చప్పుడయింది. వీధి మలుపులో ముందు మామగారి తలగుడ్డ కనపడింది, తర్వాత ఆయన. చేతిలో తడిసిన గోనెగుడ్డ చుట్టిన కట్ట ఒకటి ఉంది. మా అందర్నీ గడపలో చూసి, ఏమైందీ, ఎవరికేమైందీ అని ఆయనే కంగారుపడ్డారు. అత్తయ్య లేచి నిలబడింది.

"ఏమయ్యా, ఒక మాట చెప్పిపోతే నోరు అరిగిపోతుందా?"

"నీకు చెబితే ఆ డబ్బా నన్ను పట్టుకుపోనిస్తావా?" అన్నారాయన. "కొన్న కొట్లోనే పడేసొచ్చా. మాకొద్దు తీసుకుపొమ్మన్నాడు. నాకూ వద్దని బల్ల మీద పెట్టి వచ్చేశా."

అత్తయ్య ఏదో అనబోయింది. ఆయన గోనెగుడ్డ కింద పెట్టి, ఆవిడ వైపు చూడకుండా, కట్టు విప్పుతూ అన్నారు.

"ఎన్నిచోట్ల దాస్తావే దాన్ని? వడ్ల బస్తాల వెనక ఉన్నప్పుడు చూశాను, దేవుడి గూటి కింద ఉన్నప్పుడు చూశాను, అటక మీదా చూశాను. ఎక్కడ పెట్టినా నా కళ్ళు దానిమీదికే పోతున్నాయి. అది ఇంట్లో ఉండకూడదనిపించింది."

అత్తయ్య అప్పుడు ఏడ్చింది, చంటిపిల్లలా, వీధి వాకిట్లోనే. పక్కింటాయన మెల్లగా సైకిలు తిప్పుకుని వెళ్ళిపోయాడు. గోనెగుడ్డలో ఉన్నది కాలీఫ్లవర్ నారు, కాలవ పక్కన తోటల్లో ఎవర్నో బతిమాలి తెచ్చారట. ఉన్న నారంతా పురుగు తినేసిందిగా, మళ్ళీ వేద్దాం అన్నారు.

ఆ మర్నాటి నుంచి మామగారు పెరట్లోనే. ఇంతా చేసి ఆయనకి కూరగాయల సంగతి ఏమీ తెలియదు. కాలీఫ్లవర్‌ని కూడా పత్తిలాగే తాడు పట్టి సాళ్ళు తీసి, మనిషి పడుకునేంత ఎడంగా నాటితే, గోడ మీదినుంచి అక్క చూసి పడీ పడీ నవ్వింది, మధ్యలో గొర్రు తోలతారా పెద్దాయనా అని. ఆయన కూడా నవ్వారు. ఆ నవ్వు వినడానికి అత్తయ్య వంటింట్లోంచి పొయ్యి వదిలేసి వచ్చింది. మందు మాట ఎత్తితే ఒప్పుకునేవారు కాదు. తెల్లారి మంచులోనే శాలువా కప్పుకుని ముక్కాలిపీట మీద కూర్చుని ఒక్కో మొవ్వ విప్పి పురుగుల్ని చేత్తో ఏరేవారు, చిల్లపెంకులో వేసి కోళ్ళకి పెట్టేవారు, ఆకుల మీద పొయ్యి బూడిద చల్లేవారు. అంత పత్తిచేనికీ ఇలా ఏరగలిగితేనా అని ఒకసారి తనలో తను అనుకోవడం విన్నాను.

మళ్ళ చుట్టూ బంతి నాటాలని అత్తయ్య, పూలు ఎందుకు ముల్లంగి వేద్దామని ఆయన. ఆ తగాదా ఎన్నో పొద్దులు నడిచి చివరికి రెండూ పడ్డాయి. చిక్కుడు పందిరెక్కి ఊదాపూలు విరబూసింది. బడికి వెళ్తూ నేను జడలో డిసెంబరాలు పెట్టుకునేదాన్ని, అవీ ఆ గోడ పక్కవే. పుష్యమాసంలో మొదటి కాలీఫ్లవర్ కోశాం. ఎంతుందని, పిడికిలంత ఉంది, కాస్త పసుపు తిరిగింది కూడా. ఆ పిడికిలంత పువ్వునే అత్తయ్య శనగపిండిలో ముంచి వేయించి, సగం గోడ అవతలికి పంపి, మిగిలింది మా కంచాల్లో వేసింది. మావారు శనివారం వచ్చి నాకేదీ అంటే, నువ్వు ఊళ్ళో లేవుగా అన్నారు మామగారు, చిన్నపిల్లాడి మొహం పెట్టి.

పత్తి మళ్ళీ ఎక్కువగా వేయలేదాయన. కొంత కౌలుకిచ్చి, మిగిలినదాంట్లో మిరప, కంది వేసుకున్నారు. కష్టాలు తీరాయని చెప్పను, తీరలేదు, కొన్నేళ్ళు గడ్డుగానే నడిచాయి. కాని ప్రతి కార్తీకానికీ మళ్ళు లేచేవి, ఏటికేడు పువ్వు పెద్దదయ్యేది. చివరి రెండు మూడేళ్ళూ నడుము వంగక, మంచం పెరట్లో వేయించుకుని కర్రతో చూపించి అత్తయ్య చేత చేయించేవారు, ఆవిడ సణుగుతూ చేసేది. నిండు వయసులో, నిద్రలోనే పోయారు. మా ఇంట్లో ఆ మాట చెప్పుకోవడానికి మేమెంత పెట్టిపుట్టామో ఆ ఏటిని చూసినవాళ్ళకి తెలుస్తుంది.

ఆ మధ్య ఊరెళ్ళాను. ఇళ్ళన్నీ బాగున్నాయి, రంగులు, గ్రానైటు, పైన నీళ్ళ ట్యాంకులు. గోడ నుంచి గోడ దాకా కట్టుకున్నారు, చీపురు పుల్ల గుచ్చుదామన్నా మన్ను కనపడదు, సిమెంటే. కూరలబండి వీధిలోకే వస్తుంది, అదీ మంచిదే, నేనేం కాదనను. బంధువుల ఇంట్లో కూర్చున్నాను. ఆ ఏడు మిరప తెగులొచ్చి పోయిందట. ఇంటాయన నా వయసువాడే, హాల్లో టీవీ ముందు కూర్చుని ఉన్నాడు. టీవీ మోగుతోంది గాని ఆయన చూడటం లేదు. వాళ్ళావిడ నాకు కాఫీ ఇచ్చి, ఈయనేం మాట్లాడటం లేదు వదినా, ఏం చెయ్యాలో తోచడం లేదు అని గొంతు తగ్గించి చెప్పింది. మా అత్తయ్య కళ్ళే ఆవిడవి కూడా. నాకు చప్పున నాలుక చివరిదాకా వచ్చింది, పెరట్లోకి తీసుకెళ్ళమ్మా అని. లేచి వెనక తలుపు తీసి చూశాను. రెండడుగుల సందు, అవతల పక్కింటి గోడ.