వెనక్కొచ్చిన పెళ్ళిగంప

జ్ఞానప్రసూనాంబ గారి పెళ్ళికి అల్లిన గంపను మా పక్కింటి జోగారావు పెదనాన్న బస్సు టాపు మీద కట్టి కలిదిండి తీసుకెళ్ళాడు. పెళ్ళికూతుర్ని కూర్చోబెట్టి మేనమామ పీటల దగ్గరకు మోసుకొచ్చే గంప అది. ఆమె తండ్రి సుబ్బరాజు గారు అంచు కట్టు తిరిగిన తీరు చూసి అనుమానపడ్డారు.

"పుర్రచేత్తో అల్లావా? ఇందులోనా మా పిల్ల కూర్చునేది?"

పెదనాన్నది ఎడంచేతి వాటం. దాచలేదు. రాజుగారు గంప వెనక్కిచ్చి, భోంచేసి వెళ్ళమన్నారు. ఆ మర్యాదకే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆ కబురు మా ఏలూరు మేదర వీధికి ఆయనకంటే ముందే చేరింది. మళ్ళీ ఎవరూ పెళ్ళిగంప అడగలేదు. ఆయన కొల్లేటి చేపల గంపలకు దిగాడు. చేపలకి శకునాల్లేవు కదా అనేవాడు.

నా చిన్నతనమంతా ఆయన అరుగు మీదే గడిచింది. తడి వెదురు చీలుస్తుంటే పచ్చి వాసన వచ్చేది. అందరి చేతులూ ఒక పక్కకు తిరిగితే ఆయనవి రెండో పక్కకు తిరిగేవి. కొల్లేటికోట నుంచి గంపల కోసం వచ్చినవాళ్ళు చేపలు చుట్టి తెచ్చిన పాత పత్రికలను ఆరబెట్టుకుని చదివేవాణ్ణి.

తర్వాత ప్లాస్టిక్ ట్రేలొచ్చాయి. అరుగు ఖాళీ అయింది. ఆ గంప మాత్రం వంటింటి దూలానికి వేలాడుతూ పొగకు నల్లబడింది. ఉల్లిపాయలు పోసుకుంటానన్నా పెద్దమ్మకు ఇవ్వలేదు. అందులో ఒక్క పెళ్ళికూతురైనా కూర్చోవాలని ఆయన పట్టు.

నిరుడు తాడేపల్లిగూడెంలో పెళ్ళి అలంకరణలు చేసే ప్రసన్న గారు పాతకాలం గంప కోసం వచ్చారు. పెళ్ళికూతురు జ్ఞానప్రసూనాంబ గారి కూతురే, తేజశ్రీ. ఏమీ చెప్పొద్దని నేను సైగ చేశాను. ఆయన వినలేదు.

"ఇది పుర్రచేతి అల్లికండీ. ఒకసారి వెనక్కొచ్చింది. రాజుగారిని అడిగి పట్టుకెళ్ళండి."

ఆవిడ అక్కడే ఫోన్ చేశారు. సుబ్బరాజు గారికి గంప వెనక్కిచ్చిన సంగతే గుర్తులేదట. బాగుంటే తెచ్చేయమన్నారు. పాతికేళ్ళు ఒక మనిషిని పెళ్ళిగంపలకు దూరం చేసిన మాట అన్నవాడికే గుర్తులేదు. పెదనాన్న గంప దించి, తడిగుడ్డతో మసి తుడిచి ఇచ్చాడు.

పిలవకపోయినా పెళ్ళికి వెళ్ళాడు. వారం తర్వాత అరుగు మీద కలిశాను. అదే ఆఖరుసారి. ఆ అంచు కట్టు ఎవరైనా చూశారా అని అడిగాను.

"ఏం చూస్తార్రా, నిండా పూలు చుట్టేశారు. పిల్ల కూర్చోగానే కిర్రుమంది. సన్నాయి మోగుతున్నా నాకు వినపడింది."