హార్వీ సార్ ఊరి పటం

నిత్యానందానికి బుర్ర తిరిగిపోయింది. రాజోలు నుంచి దోహా వచ్చి పదకొండేళ్లుగా డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేస్తున్న మనిషి. ఎన్ని బిల్డింగులు గీశాడో లెక్కేలేదు. అలాంటివాణ్ణి, పట్టుమని పది ఇళ్లు లేని ఓ ఇంగ్లండు పల్లెటూరు ముప్పుతిప్పలు పెట్టి మూడు చెరువుల నీళ్లు తాగించింది.

ఆ ఊరు లిటిల్ హార్న్‌వెల్. చీఫ్ ఇంజనీర్ హార్వీ సార్ పుట్టిన చోటు. తొంభై ఆరు ఏప్రిల్లో రిటైరయ్యే ముందు, "మా ఊరి పటం గీసిపెట్టు నిత్యానందం" అన్నాడు. కుదరదంటే ఎలా? నెలాఖరుకి నిత్యానందం కాంట్రాక్టు అయిపోతుంది. పొడిగింపు కాగితం మీద సంతకం పెట్టాల్సింది ఆయనే. అది పడకపోతే భార్య తెరెసానీ, ఇక్కడే బడికెళ్తున్న కూతురు ఫెబినీ తీసుకుని విమానం ఎక్కాల్సిందే.

సార్ చెబుతుంటే గీశాడు. వంతెనకి తూర్పున తొమ్మిదొందల ఏళ్లనాటి చర్చి, గుట్ట మీద కూలిన కోట, దిగువన నీళ్లతో తిరిగే పిండిమర. ఊరన్నాక కిరాణా కొట్టయినా ఉండదా అని ఒకటి కలిపితే సార్ కొట్టేశాడు. సరే. మర్నాడు చూసి "చర్చి పడమర కదయ్యా!" అన్నాడు. మార్చాడు. ఆ మర్నాడు మళ్లీ తూర్పన్నాడు. ఇలా ఐదు పటాలు చెత్తబుట్టలో పడ్డాయి.

"అన్నా, గా చర్చికి చక్రాలున్నయా ఏంది?" అని నవ్వాడు కంపెనీ డ్రైవర్ రఫీయుద్దీన్. "నువ్వే సరిగ్గ వింటలేవు. అంత పెద్దసారు తప్పు చెప్తడా?"

నిజమే, తప్పు తనదేనేమో! పదకొండేళ్లు పనిచేశాక ఇప్పుడు ఇంగ్లీషు అర్థం కాకుండా పోతోందా? అన్నం సహించడం మానేసింది.

ఆరో పటం పట్టుకెళ్లాడు. దాని కిందే కాంట్రాక్టు కాగితం. సార్ కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూశాడు. ముఖం వికసించింది.

"చక్కగా ఉంది. మీ ఊరేనా?"

నిత్యానందం పటం మీంచి తలెత్తాడు. వేళాకోళమేమో అనుకున్నాడు. కాదు, ఆయన నిజంగానే అడుగుతున్నాడు. కలం మూత తీసి, ఏ కాగితం ముందు పెడితే దాని మీద సంతకం చేసేలా ఉన్నాడు. అడుగునున్న కాంట్రాక్టు కాగితం పైకి లాగితే చాలు. చెయ్యి అటు వెళ్లింది, అక్కడే ఆగిపోయింది. ఛీ, ఇలాంటి సంతకమా!

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "మీ ఊరే సార్."

సార్ తికమకగా పటం వైపు చూశాడు. "అయితే రైలు దిగాక మా ఇంటికి ఎటు వెళ్లాలి?" అనడిగాడు మెల్లగా.

నిత్యానందం ఎర్ర పెన్సిలు తీశాడు. దారి చెప్పగలిగిన మనిషి ఆ గదిలో సార్ ఒక్కడే. ఆయనేమో నిత్యానందం ముఖంలోకి ఆశగా చూస్తూ కూర్చున్నాడు.