మీ నాన్నకి చెప్పు

వీధిలో అందరూ ఆమెను కత్తెరమ్మ అనేవారు. బట్టలు కుట్టేది కనుక కొంత, నోటి దురుసు వల్ల మిగతాదంతా. ముందుగదిలో కుట్టుమిషను, మేకుకు వేలాడే టేపు, నేలంతా దారపు ముక్కలు. ఎవరి చొక్కా ఎక్కడ పట్టేస్తోందో గుమ్మంలోనే చెప్పేసేది. సొంత ఇంట్లో ఎక్కడ బిగిసిందో మాత్రం ఆమెకు తట్టలేదు.

మొగుడు బస్సు డ్రైవరు. ఆలుమగల మధ్య మాటలు లేక ఏళ్ళయింది. అలాగని మౌనంగా ఉన్నారనుకునేరు! ఎదురెదురుగా కూర్చుని కూతురిచేత చెప్పించుకునేవారు.

"మీ నాన్నకి చెప్పు, భోజనం చల్లారిపోతోందని."

"మీ అమ్మకి చెప్పు, నాకూ కళ్ళున్నాయని."

పిల్ల నోరు తెరిచేలోపే ఇద్దరికీ వినబడేది. అయినా పిల్ల చెప్పాల్సిందే, లేకపోతే ఆ మాట చెల్లదు. మాటలు వచ్చిన నాటి నుంచీ దానికిదే కొలువు.

పదిహేనో ఏట పిల్ల చెవుల్లో ఇయర్‌ఫోన్లు దోపుకుంది. తింటూ ఫోను, నడుస్తూ ఫోను, దుప్పట్లో ఫోను. కత్తెరమ్మ దాన్ని లాక్కుని గుడ్డపీలికల సంచిలో దాచింది. పిల్ల పక్కింటికెళ్ళి వాళ్ళ ఫోను పట్టుకు కూర్చుంది. పరువు పోతుందని కత్తెరమ్మే మళ్ళీ ఇచ్చేసింది.

పిల్ల తరగతిలో నిద్రపోతోందని, పరీక్షలన్నీ తన్నేసిందని టీచరమ్మ ముగ్గురినీ బడికి పిలిచి కూర్చోబెట్టింది.

"హాస్టల్లో చేర్పించమని మీ అమ్మాయి నన్ను అడుగుతోంది. మీకు తెలుసా?"

కత్తెరమ్మ కూతురి వైపు గిర్రున తిరిగింది. ఒక్కగానొక్క పిల్ల.

"అక్కడ ఫోను ఉండనివ్వరే, పిచ్చిమొహమా!"

"తెలుసు."

"అది లేకుండా పూటైనా బతకగలవుటే నువ్వు?"

"అక్కడ దాంతో పనేముందమ్మా?"

కత్తెరమ్మకు ఒళ్ళు మండింది. "మీ నాన్నకి చెప్పు, ఇదంతా ఆయనగారి గారాబమేనని."

పక్క కుర్చీలోంచి డ్రైవరు అందుకున్నాడు. "మీ అమ్మకి చెప్పు, పొద్దస్తమానం సాధిస్తే పిల్లలు ఇలాగే పారిపోతారని."

పిల్ల రెండు మాటలూ అటుదిటు, ఇటుదటు అప్పజెప్పింది. అప్పజెప్పి ఇయర్‌ఫోన్లు పెట్టుకుంది.

టీచరమ్మ డ్రైవరు కుర్చీ వైపు వేలు చూపింది. "ఆయన మీ పక్కనే ఉన్నారు కదమ్మా?"

"ఉన్నారు. ఎక్కడికి పోతారు?" అంది కత్తెరమ్మ. అన్నాక కూతురి మొహం చూసింది. పారిపోదలచినవాళ్ళకు ఏ తలుపు తెరిచి ఉంటే అదే దారి, ఫోనైనా, హాస్టలైనా. ఇన్నాళ్ళూ తను ఆ తలుపుకు తాళం వేయడానికే తంటాలు పడింది.

గొంతు సవరించుకుంది. "ఏమండీ."

డ్రైవరు వెనక్కి తిరిగి చూశాడు, ఎవరినో పిలుస్తోందనుకుని.

"మిమ్మల్నే! పిల్ల వెళ్ళిపోతానంటోంది. వద్దనండి."

"ముందు మాట మానేసింది నువ్వు."

"నన్నడక్కుండా నా మిషను మీ చెల్లెలికి ఇచ్చేస్తే, మానెయ్యక మెళ్ళో దండ వెయ్యమంటారా?"

"మూలపడ్డ పాత మిషను! దానికి నలుగురిలో మా చెల్లెల్ని దొంగంటావా?"

"అన్నాను. ఇప్పుడూ అంటాను!"

పక్క తరగతి పిల్లలు కిటికీకి అతుక్కుపోయారు. "మెల్లగా, మెల్లగా," అని టీచరమ్మ బల్ల తట్టింది. వినేవాళ్ళెవరు? ఆడపడుచు అయింది, అత్తగారు అయింది, పెళ్ళిచూపుల దాకా పోయారు. పిల్ల ఇయర్‌ఫోన్లు తీసేసి అటూ ఇటూ చూస్తూ వింది. ఒక్క మాటా దానిచేత మోయించలేదు.

"హాస్టల్ సంగతి వచ్చే నెల చూద్దాం టీచర్," అంది పిల్ల. "వీళ్ళు ఇంటికెళ్ళాక కూడా ఇలాగే కొట్లాడుకుంటే ఉండిపోతాను."