నాంపల్లిలో నెమ్మదిగా తిరిగిన పాట

కరోనా తగ్గిన మరుసటి ఏడాది, వానాకాలం. అబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు వెనక సందులో నా దుకాణం. రేడియోలు, టేప్‌రికార్డర్లు, రికార్డు ప్లేయర్లు బాగుచేస్తాను. నా చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. ఈ పనిలో నాకు తెలిసిందంతా ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్న పాత పుస్తకాలు నేర్పిందే.

ఆ రోజు గన్‌ఫౌండ్రీ నుంచి శకుంతలమ్మ అనే ఆవిడ, భర్త మోహన్‌రావును చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ఆయన బ్యాంకులో చేసి రిటైరైన మనిషి. ఆమె సంచిలోంచి ఒక చిన్న రికార్డు తీసింది. అరవైల చివర్లో రాక్, సోల్ పాటలు మన ఊరి కుర్రకారును ఊపేసిన రోజుల నాటిది. సోల్ అంటే అమెరికాలో నల్లవాళ్లు గుండె లోతుల్లోంచి తీసి పాడే పాట.

"అన్నా, గిది జర వినిపియ్యి. ఫోన్ల పెడితే ఈయన గీ పాట కాదంటున్నరు. రికార్డు వింటెనన్నా యాదికొస్తదేమో" అంది.

పెట్టాను. నా టర్న్‌టేబుల్, అంటే రికార్డును తిప్పే పళ్లెం, స్పీడు తప్పదు. హుషారైన ఆడగొంతు వినిపించింది. ఆయన కాసేపు విని తల అడ్డంగా ఊపాడు.

"గిది కాదు. గింత ఉరుకుడు లేకుండె. మొగాయన పాడిండు, మెల్లగ."

"సూసినవా అన్నా?" అంది శకుంతలమ్మ. "రికార్డు మీద ఆడమనిషి పేరే ఉన్నది. ఇంట్ల అందరు నవ్విన్రు. మామయ్యను డాక్టరుకు చూపిద్దామని మా కోడలు మెల్లగ నాతోని అన్నది, అది ఈయన చెవుల పడ్డది. గప్పటి సంది ఏదడిగినా నాకేమెరుక, నువ్వే చెప్పు అంటున్నరు. తొవ్వ మర్చిపోతనని పాలకు సుత ఒక్కరే పోరు."

ఆయన నేల చూస్తూ, "మర్చిపోతున్ననేమో" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది, వాళ్ల మీద కాదు, లోకం తీరు మీద. ముసలివాడు ఒక మాట తేడాగా చెబితే చాలు, మతి తప్పిందంటారు. యంత్రాన్ని మాత్రం ఒక్కడూ అనుమానించడు. ఫోను చెప్పిందే వేదమా?

"సార్, గప్పుడు మీరు యాడ విన్నరు?" అని అడిగాను.

"నాంపల్లిల, మా దోస్తు సుధాకర్ ఇంట్ల. ఎవరో అమెరికా ఇంజినీరు వాపస్ పోతూ అమ్మిన ప్లేయరు. కాలేజీ నుంచి రాంగనే గదే పాట. వాడు గిటార్ వాయిస్తుంటె నేను పాడేటోన్ని. వాడు పోయి శానేండ్లయింది."

"ప్లేయరు పక్కన బరువైన ఇనుప డబ్బా ఏమన్న ఉండెనా?"

"ఔ. ఎచ్చగుండేది. వాళ్ల పిల్లి దాని మీదనే పండేది. కరెంటు కొడ్తదని సుధాకర్ వాళ్లమ్మ మొత్తుకునేది."

అది ట్రాన్స్‌ఫార్మర్. అమెరికా సామానుకు మన కరెంటులో సగం వోల్టులు చాలు. ఆ డబ్బా పెట్టి వోల్టులు దించి, అంతా సరిపోయిందనుకునేవాళ్లు మనవాళ్లు. కానీ కరెంటుకు ఫ్రీక్వెన్సీ అని ఇంకోటి ఉంటుంది, సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందనే లెక్క. అక్కడ అరవై, ఇక్కడ యాభై. దాన్ని ఆ డబ్బా మార్చలేదు. ఆ కాలపు మోటారు ఆ ఊపును బట్టే తిరుగుతుంది కనుక ఇక్కడ మందగిస్తుంది. పాట సాగుతుంది, గొంతు బరువెక్కుతుంది. ఆడగొంతు మగగొంతులా వినిపిస్తుంది.

"సార్, రికార్డు సంగతి ఇడిచిపెట్టున్రి. మీరు పాడున్రి" అన్నాను.

"ఇప్పుడు గొంతు యాడిది?"

"బాత్రూంల పాడ్తరు కదా, గట్లనే పాడున్రి. గీడ సబ్బు లేదంతే" అంది శకుంతలమ్మ.

ఆయన బల్ల మీద వేళ్లతో తాళం వేస్తూ మొదలుపెట్టాడు. నేను రికార్డు తిరుగుతుండగానే మోటారు వెనక స్పీడు సవరించే స్క్రూను తిప్పుతూ పోయాను. ఎంతకాలంగానో స్పీడు సరిచేస్తున్న చేతులు, చెడగొట్టమంటే మొరాయించాయి. పాట కొంచెం కొంచెంగా దిగి ఆయన వేళ్ల దగ్గరికి వచ్చింది. ఒకచోట రెండూ కలిశాయి. లోతైన గొంతు దుకాణమంతా నిండింది. ఆయన పాడటం ఆపి పళ్లెం వైపు వేలు చూపించాడు.

"గిదే, శకుంతలా. సుధాకర్ గాడు గిక్కడనే నా దిక్కు సూసేటోడు."

ఆమె ఆయన పక్కన స్టూలు మీద కూర్చుంది. పాట అయిపోయాక నన్నడిగింది, "అయితె పాడింది మొగాయనేనా?"

"ఆడమనిషేనమ్మా. సార్ విన్నది మాత్రం మొగగొంతే. మిగతా సంగతి డాక్టరు చెప్పాలె. గీ పాట సంగతి నేను చెప్తున్న, సార్ ఏం మర్చిపోలె."

మోహన్‌రావు నవ్వాడు. "పాపం, ఇన్నేండ్ల సంది ఆమెను మొగోన్ని చేసినం."

ఆ స్పీడులోనే పాటను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇచ్చాను. బయట వాన వెలిసింది. శకుంతలమ్మ ఆటో కోసం చెయ్యెత్తబోతే ఆయన ఆపాడు. "ఆటో ఎందుకే? నడుద్దాం, నాకు తొవ్వ ఎరుకనే" అని తానే ముందు నడిచాడు.

నా పుస్తకాల ప్రకారం సరైన స్పీడు అంటే కంపెనీ పెట్టిన లెక్క. ఆ లెక్కలో నాంపల్లి ఇంట్లో మోగింది తప్పు పాట. ఆ దోస్తులిద్దరూ దానితోనే పాడుకున్నారు. ఇప్పుడు ఎవరైనా పెద్దమనిషి వచ్చి పాట ఇట్లా ఉండేది కాదంటే, ఏ ప్లేయరులో విన్నారని ముందు అడుగుతాను. ఆ తర్వాతే స్క్రూడ్రైవరు ముట్టుకుంటాను.