మూత వెయ్యని లాప్‌టాప్‌తో మధురవాడ దాకా

పలాసలో ఉదయం ఆరింటి రైలెక్కేవాళ్ళకు ఒక సలహా: కిటికీ కన్నా ఛార్జింగ్ పాయింటు ముఖ్యం. నాకు రెండూ దొరికాయి, ధైర్యం మాత్రం దొరకలేదు.

పదకొండున్నరకు మధురవాడలోని ఒక కాలేజీలో నా పరిశోధన మీద సెమినార్. అది గట్టెక్కితేనే థీసిస్. నేను లెక్కగట్టే పరమాణు కేంద్రకం లిథియం-11. చందమామకు గుడి కట్టినట్టు, రెండు న్యూట్రాన్లు నడిమి ముద్దకు చాలా దూరం దాకా మసగ్గా పరుచుకుని ఉంటాయి. కంప్యూటర్లో వాటిని లెక్కగట్టాలంటే చుట్టూ ఎక్కడో లెక్కకు హద్దుగా ఒక గోడ కట్టాలి. నేను కట్టిన చోట, కేంద్రకం సైజు ప్రయోగాల్లో తేలినదానితో అచ్చంగా సరిపోయింది. రెండేళ్ళు మురిసిపోయాను. గోడను ఇంకా దూరం జరిపితే ఏమవుతుందన్న ప్రశ్న నిన్న స్లైడ్లు చేస్తుంటే తట్టింది. సైజు పెరిగితే, ఇన్నాళ్ళూ దాన్ని సరిపెట్టింది కేంద్రకం కాదు, నా గోడే.

అందుకే దూరపు గోడతో లెక్క మళ్ళీ పెట్టాను. ఇంకా నడుస్తోంది. మూత వేస్తే లాప్‌టాప్ నిద్రపోతుంది. నిద్రపోకుండా ఏదో సెట్టింగు ఉందట. నాకు కేంద్రకం తప్ప కంప్యూటర్ రాదు.

ఎదుటి సీటాయన అప్పలనాయుడు, లారీ గేర్‌బాక్సు కోసం ఆటోనగర్ వెళ్తున్నాడు. “ఏటి బావ, సారె పళ్ళెంలా అలా పట్టుకున్నావ్? మూసీరాదా?”

“మూస్తే లెక్క ఆగిపోతుందండి.”

“తేలకపోతే?”

“తేలితేనే భయం.”

“అయితే మూసీ.”

విజయనగరంలో ఒంటిచేత్తో ఇడ్లీ తిన్నాను. చట్నీ కీబోర్డును వదిలి చొక్కాను ఎంచుకుంది.

విశాఖలో దిగి, సిటీ బస్సులో తెరిచిన లాప్‌టాప్‌ను గుండెకు ఆనించుకుని నిలబడ్డాను. హనుమంతవాక దగ్గర లెక్క ముగిసింది. సైజు పెరిగింది.

స్లైడులో పాత అంకే ఉంది. నేను చెప్పకపోతే ఎవరికీ తెలియదు. సెమినార్లో దాని పక్కనే బోర్డు మీద కొత్త అంకె రాశాను.

ముందు వరుసలోని థీసిస్ పరీక్షకురాలు కళ్ళజోడు సవరించుకున్నారు. “గోడ ఇంకా జరిపితే?”

“తెలియదండి. అడగడానికే భయమేస్తోంది.”

“సైజు నిలకడగా ఆగేదాకా జరుపు. థీసిస్ సంగతి అప్పుడు చూద్దాం.”

సాయంత్రం తిరుగు రైల్లో మళ్ళీ అప్పలనాయుడే, కాళ్ళ దగ్గర గేర్‌బాక్సుతో. “ఇంకా ముయ్యలేదేటి?”

“ఇది వేరే లెక్కండి. గోడ ఇంకా దూరం.” వెళ్ళేటప్పుడు అంకె పెరుగుతుందేమోనని భయం, ఇప్పుడు ఎక్కడా ఆగదేమోనని. విశాఖ నుంచి నేను తెచ్చుకున్నది ఇదే.

అతను తన ఫోను పీకేసి నా ఛార్జరు గుచ్చాడు. “కళ్ళు మూతలడిపోతన్నాయి, పడుకో బావ. దీని మూత పడకుండా నాను సూత్తాను.”