మంచు వాగులో చెరువు చేపలు

ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో చేరిన ఏడాదికి నాకంటూ ఒక సెట్ దొరికింది. ఫిల్మ్ నగర్ స్టూడియోలో, ఏసీ ఫ్లోర్ మధ్యన, హిమాలయాల వాగు! థర్మాకోల్ కొండలు, రంగేసిన బండలు, మోటారుతో తిరిగే నీళ్ళు. "చేపలు ప్రవాహానికి ఎదురీదాలమ్మా. ఈదకపోతే రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు" అన్నారు డైరెక్టరుగారు నవ్వుతూ. ఆయన నవ్వుతూ అన్నవన్నీ నిజంగానే చేసేవారు.

నేను ఊరుకుంటానా? వారం రోజులు చలి వాగుల చేపల గురించే చదివాను. ఉరవడిని చీల్చుకుపోయే సన్నటి ఒళ్ళు, కొన్నింటికి బండని కరుచుకోవడానికి పొట్ట కింద పట్టు, చన్నీళ్ళలో దండిగా ఉండే ప్రాణవాయువుకు అలవాటుపడ్డ ప్రాణం. కనిపించిన ప్రతివాళ్ళకీ చెప్పాను. కాస్ట్యూమ్స్ వాళ్ళు నన్ను చూస్తే దారి మార్చేవారు. ఇంతా చదివి, అవి ఇక్కడెక్కడా దొరక్క నేను టోలిచౌకిలో కొన్నది ఇరవై చెరువు చేపపిల్లల్ని.

షూటింగ్ రోజు మధ్యాహ్నం, ఒళ్ళు తెలియని ఉత్సాహంలో, రెండు ఐసు దిమ్మలు తెప్పించి వాగులో పడేశాను. కొండ వాగన్నాక చల్లగా ఉండొద్దూ! పది నిమిషాల్లో చేపలు ఈత మానేసి అడుగున పక్కకి ఒరిగిపోయాయి. ఉద్యోగం సంగతి అటుంచి, ఇరవై ప్రాణాలు నా తెలివికి బలైపోతున్నాయి.

సెట్టు ఊడ్చే అక్క చూసి నెత్తి కొట్టుకుంది. "ఏంది బిడ్డా గిది! గవి చెర్ల పుట్టిన చేపలు, చలికి కొంకర్లు పోయినయ్. జల్ది ఐసు తియ్యి. బయట డ్రమ్ముల నీళ్ళు ఎండకు ఎచ్చగున్నయ్, జరంత జరంత పోద్దాం పా."

ఇద్దరం మోకాళ్ళ మీద కూర్చుని మగ్గులతో పోశాం. "కదలండమ్మా, మీకు పుణ్యముంటుంది" అని నేను చేపల్ని బతిమాలుతుంటే లైట్‌మెన్ పగలబడి నవ్వారు. ముందు ఒక తోక ఆడింది. తర్వాత రెండు. కాసేపటికి ఇరవయ్యీ లేచి, మోటారు నీళ్ళు వచ్చే వైపుకి తలలు తిప్పి, ఎదురీదడం మొదలెట్టాయి. ఆ బుద్ధి చెరువు చేపకీ ఉంటుందని నేను చదవనేలేదు! సంతోషం పట్టలేక అక్క చేతులు పట్టుకుని గిరగిరా తిప్పేశాను.

షాట్ అయ్యాక డైరెక్టరుగారు మానిటర్ ముందు భుజాలు ముడుచుకున్నారు. "అబ్బ! చూస్తేనే వణుకొస్తోంది. నీళ్ళు ఇంత చల్లగా ఎలా ఉంచావమ్మా?"

బండ చాటున నేనింకా మగ్గు పట్టుకుని, మోచేతుల దాకా గోరువెచ్చటి నీళ్ళలోనే ఉన్నాను.

"రేపు ఎన్నింటికి రమ్మంటారు సార్?" అన్నాను.